పాత ఇల్లు ముందా, చుట్టూ పెరిగిన అడవి ముందా? ఎక్కడ మొదలుపెట్టాలో అర్థం కావట్లేదు

పెంకుటిల్లు:

అందరికీ నమస్కారం. పోస్ట్ కాస్త పెద్దదైంది, ఓపిక ఉన్నవాళ్ళు చదివి సలహా ఇవ్వండి. మాది తాతగారు కట్టించిన ఇల్లు. నాన్న పోయాక అమ్మని మా దగ్గరికి తెచ్చేసుకున్నాం, అప్పట్నుంచి ఆ ఇంటికి తాళమే. మొదట్లో ఎవరో ఒకరం వెళ్ళి తలుపులు తీసి ఊడ్పించి వచ్చేవాళ్ళం, తర్వాత అదీ మానేశాం. ఇప్పుడు నేనూ తమ్ముడూ కలిసి దాన్ని మళ్ళీ మనుషులుండేలా చేద్దామని గట్టిగా అనుకుంటున్నాం. అమ్మేద్దామన్న మాట ఒకసారి వచ్చింది గానీ అమ్మ ముఖం చూశాక మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇంటి సంగతి చెప్తా. ఇటుక గోడలు, సున్నంతో కట్టినవి, మందం ఒకటిన్నర అడుగు ఉంటుంది. పైన పెంకులు, వెనక వంటింటి మీద మాత్రం సిమెంటు రేకులు. నాన్న హయాంలో గోడలకి లోపలివైపు నడుం ఎత్తుదాకా సిమెంటు ప్లాస్టరింగ్ చేయించారు, ఇప్పుడు దానికి సరిగ్గా పైనే గోడ ఉబ్బి, తెల్లగా ఉప్పు పూసి, చెయ్యి పెడితే పొడి రాలుతోంది. ఒక కిటికీ కింది మూల నుంచి నేలదాకా ఏటవాలుగా పగులు ఉంది. పిట్టగోడలో రావి మొక్క, వేళ్ళు ఇటుకల మధ్యకి దిగిపోయాయి.

ఇక స్థలం. ఇంటికి నాలుగైదింతలు ఉంటుంది, ఒకప్పుడు తోట. ఇప్పుడు సర్కారు తుమ్మ, లంటానా, వయ్యారిభామ, కింద అంతా తుంగ. లోపల ఎక్కడో రెండు పెద్ద మామిడి చెట్లూ, ఒక పాత బావీ ఉండాలి, రోడ్డు మీంచి చూస్తే మామిడి కొమ్మలు కనిపిస్తాయి, బావి మాత్రం కనబడదు.

కాంట్రాక్టర్ వచ్చి చూసి, గోడలకి వాటర్‌ప్రూఫ్ కెమికల్ కలిపిన సిమెంటుతో మళ్ళీ ప్లాస్టరింగ్ చేసి పైన టైల్స్ అంటించేద్దాం, చెమ్మ బయటికి కనపడదు అన్నాడు. స్థలానికైతే జేసీబీ పెడితే సాయంత్రానికి నేల అద్దంలా అయిపోతుందట. వినడానికి రెండూ బాగానే ఉన్నాయి గానీ మనసు ఒప్పట్లేదు. ఒకేసారి అంత డబ్బు పెట్టలేం, విడతలుగా చేసుకోవాలి. ఇల్లు బాగుచేసుకుని తర్వాత తోట సంగతి చూడాలా, లేక ముందు స్థలం శుభ్రం చేయించాలా?


తాపీ_పని:

అన్నా, ఇల్లు వేరు, తోట వేరు అనుకోవడం దగ్గరే లెక్క తప్పుతోంది. నువ్వు రాసింది చదివితే నాకు అనుమానం వచ్చింది, నీ గోడలకి చెమ్మ తోటలోంచే వస్తోంది. ఒక పని చెయ్. ఇంటి బయట గోడ వెంబడి నిలబడి, బయట మట్టి ఏ ఎత్తులో ఉందో, లోపల గచ్చు ఏ ఎత్తులో ఉందో కొలువు. ఏళ్ళ తరబడి ఆకులు రాలి కుళ్ళి, వానకి మట్టి కొట్టుకొచ్చి, చీమలూ వానపాములూ తవ్విపోసి గోడ పక్కన నేల ఎత్తు పెరుగుతూనే ఉంటుంది. ఆ మట్టి లోపలి గచ్చుకంటే పైకి వచ్చిందంటే గోడ అడుగు ఎప్పుడూ తడి మట్టిలో పాతేసినట్టే లెక్క, ఇటుక ఆ నీళ్ళని పైకి పీలుస్తూనే ఉంటుంది. నువ్వు లోపల ఏ కెమికల్ పూసినా బయట తాగే నీళ్ళు ఆగవు.

సిమెంటు పట్టీకి పైనే ఎందుకు పాడవుతోంది అంటే, గోడలోకి చేరిన తడి ఎక్కడో ఒకచోట ఆరిపోవాలి కదా. సున్నం గారలో సన్నని రంధ్రాలుంటాయి, తడి అందులోంచి గాలికి పోతుంది. సిమెంటు దాన్ని బయటికి పోనివ్వదు, దాంతో ఆ తడి సిమెంటు వెనకే పైకి పాకి, పట్టీ అయిపోయిన చోట బయటపడుతుంది. నీళ్ళు ఆరిపోతాయి, వాటితో వచ్చిన ఉప్పు అక్కడే గడ్డకట్టి గారని పెకలిస్తుంది. ఇప్పుడు నీ కాంట్రాక్టర్ చెప్పినట్టు టైల్స్ వేస్తే ఏమవుద్దంటే అదే ఉప్పు ఇంకో రెండడుగులు పైన పూస్తుంది. చెమ్మ కనపడదు అన్నాడు చూడు, అందులో అబద్ధం లేదు, కొన్నాళ్ళు నిజంగానే కనపడదు.

పోర్ట్‌లాండ్ సిమెంటుకి పేటెంట్ వచ్చిందే 1824లో. దానికి ముందు వేల ఏళ్ళు జనం సున్నంతోనే కట్టారు, అవి నిలబడ్డాయి. సిమెంటు చెడ్డదని కాదు, నేనూ రోజూ దాంతోనే పని చేస్తా, కాకపోతే మెత్తటి పాత ఇటుక మీద గట్టి సిమెంటు పొర అతికిస్తే రెండూ ఒకేలా కదలవు, ఒకేలా ఆరవు.

కాబట్టి వరస ఇదీ. మొదట పైకప్పు, జారిన పెంకులు సర్దించు, అప్పటిదాకా కనీసం టార్పాలిన్ కప్పు. వాసాలూ దూలాలూ గోడలోకి దూరే చివర్లు స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడు, మధ్యలో ఉక్కులా ఉన్న దూలం కూడా గోడలో దాగిన జానెడు ముక్క దగ్గర మెత్తబడి ఉండొచ్చు, చెద పురుగు మట్టిగొట్టాలు కూడా అక్కడే కనిపిస్తాయి. రెండోది చూరు నీళ్ళు ఎక్కడ పడి ఎటు పోతున్నాయో చూసుకోవడం. మూడోది గోడ చుట్టూ మట్టి దించడం, లోపలి గచ్చు కంటే కనీసం ఆరంగుళాలు కిందికి ఉండాలి, అక్కణ్ణుంచి పదడుగుల దూరానికి ఇంకో ఆరంగుళాలు వాలు ఇవ్వు, నీళ్ళు ఇంటినుంచి బయటికి పారాలి. అలాగని పునాది అడుగు కంటే లోతుకి పోవద్దు, గోడ పొడుగునా ఒకేసారి తవ్వొద్దు, కొంచెం కొంచెంగా తవ్వుకుంటూ వెళ్ళు. ఈ మూడూ అయ్యాకే లోపలి గోడ ముట్టుకో. పగులు గురించి తర్వాత రాస్తా, పనికి టైమైంది.


కూల్చివేత:

ఇదంతా సెంటిమెంటు తప్ప ఇంకేం లేదు బాస్. పాత ఇంటికి పెట్టే ప్రతి రూపాయీ బూడిదలో పోసిన పన్నీరే, ఒకటి బాగుచేస్తే ఇంకోటి ఊడుతుంది. కొట్టేసి స్లాబ్ వేసుకోండి, మీ పిల్లలైనా సుఖపడతారు. పగులు, చెమ్మ, చెద, రేకులు, అన్నీ ఒక్క దెబ్బకి పోతాయి.


పెరటిమొక్క:

పైన కొట్టేయమన్న ఆయన మాటలో కొంత నిజం ఉంది, దూలాలన్నీ పోయి పునాది కుంగిన ఇల్లైతే నేనూ అదే చెప్తా. కానీ ఇంకా ఎవరూ గుచ్చి చూడనే లేదు కదా, చూడకుండా కూలగొట్టడం ఎందుకు. పైగా పక్కనున్న నేల నీళ్ళు ఇంటివైపే పారుతుంటే కొత్త స్లాబ్ ఇల్లు కూడా ఆ నీళ్ళలోనే నిలబడాలి.

నాకు తెలిసింది నేల, దాని గురించి చెప్తా తమ్ముడూ. జేసీబీ మొదటిరోజే వద్దు. నీ స్థలంలో బావి ఎక్కడుందో నీకే తెలీదన్నావు, దాని ఒరలు ఉన్నాయో కూలాయో తెలీదు, పైన లంటానా కప్పేసి ఉంటుంది. పాత మరుగుదొడ్డి గొయ్యి కూడా ఒకటి ఉండే ఉంటుంది, మూత పుచ్చిపోయి. అంత బరువు మెషిన్ దాని మీదకెక్కితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మీ అమ్మగార్ని కూర్చోబెట్టి కాగితం మీద గీయించు, బావి ఎటు, దొడ్డి ఎటు, నీళ్ళ తొట్టి ఎటు, ఏ చెట్టు ఎవరు నాటారు అని, ఏ మ్యాప్‌లోనూ దొరకని సంగతులు ఆవిడ దగ్గరే దొరుకుతాయి. హద్దులు కూడా అప్పుడే కొలిపించుకో, కంప కొట్టాక పక్కవాళ్ళతో గొడవపడేకంటే ముందే మంచిది.

బావి దొరికాక చుట్టూ దడి కట్టేయ్, ఎంత ధైర్యస్తుడైనా సరే లోపలికి దిగనివ్వకు. ఏళ్ళుగా మూసుకుపోయిన బావిలో ప్రాణవాయువు చాలకపోవచ్చు, దిగినవాడు పడిపోతాడు, వాణ్ణి పైకి తీద్దామని దిగిన రెండోవాడూ పోతాడు, చాలామంది పోయేది అలాగే. దీపం దించి చూస్తే చాలంటారు, అది ఆక్సిజన్ సంగతి చెప్తుందేమో గానీ విషవాయువుల గురించి ఏమీ చెప్పదు, మండే గ్యాస్ ఉంటే ఇంకా ప్రమాదం. గ్యాస్ మీటర్, తాళ్ళు, గాలి పంపే ఏర్పాటు ఉన్నవాళ్ళే చేయాలి ఆ పని.

నరకడం ఒక పక్క నుంచి మొదలుపెట్టి రెండో పక్కకి వెళ్ళండి, నాలుగు వైపుల నుంచీ చుట్టుముట్టి కొట్టుకొస్తే పాములన్నీ మధ్యలో మిగిలిన పొదలోకి చేరతాయి, ఆఖర్న ఆ పొద కొట్టేవాడికి గండం. ముందు నడుం ఎత్తుకి కొట్టి నేల ఎలా ఉందో కంటితో చూసి, తర్వాతే మొదళ్ళ దాకా వెళ్ళండి. బూట్లు, మందపాటి గ్లవ్స్, ఫుల్ చేతుల చొక్కా తప్పనిసరి.

ఒక్కో మొక్కది ఒక్కో బుద్ధి. సర్కారు తుమ్మని నేలమట్టానికి కొడితే మీరు దానికి సేవ చేసినట్టే, మొదలు కింద నిద్రపోతున్న మొగ్గలు లేచి ఒక్క మాను ఉన్న చోట పది కొమ్మల దుబ్బు వస్తుంది. చుట్టూ తవ్వి మొగ్గలున్న ఆ భాగం కిందకి వేరు కోసెయ్యాలి, అప్పుడే చస్తుంది. లంటానాకి కూడా అదే పద్ధతి, కాండం వేరు కలిసే మెడ ఒకటి ఉంటుంది, గడ్డపారతో దాని కింద ఒక్క పోటు పొడిచి పైకి లేపి తలకిందులుగా పడేస్తే మళ్ళీ నేల అందదు. వయ్యారిభామ పూతకి రాకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు పీకెయ్యాలి, ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. దాన్ని ఉత్త చేత్తో ముట్టుకుంటే కొంతమందికి ఒళ్ళంతా దద్దుర్లు, ఉబ్బసం ఉన్నవాళ్ళయితే ఆ చుట్టుపక్కలకే రావద్దు.

తుంగ గురించి మాత్రం ఇంకో రోజు ప్రత్యేకంగా తిట్టుకుందాం.


ఫేజ్_న్యూట్రల్:

చిన్న కామెంట్, కానీ ముందు ఇదే చదవండి. గోడలు గీకే ముందు మెయిన్ దగ్గర కనెక్షన్ పూర్తిగా తీయించేయండి, స్విచ్ ఆఫ్ చేయడం కాదు. ఆ కాలం వైర్ల మీద రబ్బరో గుడ్డో ఉంటుంది, ముట్టుకుంటే పొడైపోతుంది, ఎలకలు కొరికినవి వేరే. పైగా తడి గోడ. పాత వైరింగ్ ఒక్క ముక్క కూడా ఉంచుకోవద్దు, మొత్తం కొత్తది లాగించి, సరైన ఎర్త్ పెట్టించి, ముప్పై మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను తెంచేసే స్విచ్) బిగించుకోండి. లోడు ఎక్కువైతే పడిపోయే ఎంసీబీ వైరుని కాపాడుతుంది, మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. పని జరిగే రోజుల్లో వాడుకోవడానికి విడిగా ఒక చిన్న బోర్డు, దానికీ ఆర్‌సీసీబీ ఉండాల్సిందే.

వంటింటి సిమెంటు రేకుల గురించి ఎవరూ అనలేదు. అంత పాతవంటే ఆస్బెస్టాస్ అనుకునే పని చేయండి. కదిలించకుండా ఉంటే పర్లేదు, విరిచినా, డ్రిల్ చేసినా, రుద్దినా దూది కంటే సన్నని పోగులు గాల్లోకి లేస్తాయి, అన్ని రకాల ఆస్బెస్టాసూ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది. తీయాలంటే నీళ్ళతో తడిపి, బోల్టులు విప్పి, ముక్కలవకుండా దించాలి, తెలిసినవాళ్ళతో మాత్రమే. విరిగిన ముక్కల్ని తోటలో మడులకి గట్టుగా పాతేస్తుంటారు, అలా అస్సలు చేయొద్దు.


పెంకుటిల్లు:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు. తమ్ముడూ నేనూ వెళ్ళి చూసొచ్చాం. తాపీ_పని గారూ, మీరన్నట్టే ఉంది, వెనకవైపు గోడ పక్కన మట్టి లోపలి గచ్చు కంటే జానెడు పైకి ఉంది. పారతో కాస్త లాగి చూస్తే కింద నల్లటి మెత్తటి మట్టి, దాని కింద గోడని ఆనుకుని సున్నం గచ్చు చేసిన చిన్న కాలవ బయటపడింది, చెయ్యి పట్టేంత వెడల్పు, ఇంకా నున్నగా ఉంది, మూల దగ్గర తిరిగి తోటలోకి వాలుగా వెళ్తోంది. మాకెవరికీ ఆ కాలవ ఉన్నట్టే తెలీదు. అమ్మకి ఫోన్ చేసి అడిగితే, చూరు నీళ్ళు దాంట్లో పడి మామిడి చెట్ల దాకా పోయేవిరా అని చాలా మామూలుగా చెప్పింది, ఇన్నాళ్ళూ చెప్పలేదేంటంటే మీరు అడగలేదుగా అంది.

వాసాల చివర్లు గుచ్చి చూశాం, వెనక గదిలో రెండు పూర్తిగా మెత్తబడ్డాయి, మిగతావి గట్టిగానే ఉన్నాయి. బావి కూడా దొరికింది, అమ్మ చెప్పిన చోటే, ప్రస్తుతానికి చుట్టూ కర్రలు పాతి తాడు కట్టాం.

ఇప్పుడు మూడు డౌట్లు. ఒకటి ఆ పగులు. రెండు, మా తమ్ముడు కలుపుమందు కొట్టేస్తే ఒక్కసారిగా పీడ పోతుంది కదా అంటున్నాడు, కూలి మనుషులు దొరకడం కష్టంగా ఉంది మరి. మూడు, మామిడి చెట్లు చాలా గుబురుగా పెరిగి సగం కొమ్మలు ఎండిపోయాయి, కొట్టేయాలా ఉంచాలా.


పొలం_గట్టు:

మీ తమ్ముడు కరెక్టే అన్నాడండి. ఇక్కడ అందరూ గడ్డపారతో వేర్లు తవ్వమంటున్నారు గానీ అంత స్థలంలో సర్కారు తుమ్మ వేర్లు మనుషులతో తవ్వించాలంటే ఎంత కష్టమో చేసినవాళ్ళకి తెలుసు. మాను కొట్టిన వెంటనే, ఆరకముందే, ఆ కోత మీద బ్రష్షుతో మందు పూస్తే వేరుదాకా దిగుతుంది, మళ్ళీ చిగురించదు. పొలాల్లో అందరూ చేసేదే, భయపెట్టకండి.


పెరటిమొక్క:

బ్రష్షుతో పూయడం వేరు, ట్యాంకు భుజానికేసుకుని చల్లడం వేరు పొలం_గట్టు గారూ, వాళ్ళ తమ్ముడు అడుగుతున్నది రెండోది. గ్లైఫోసేట్ అనే కలుపుమందుని 2015లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషులకి బహుశా క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో పెట్టింది, అమెరికా పర్యావరణ సంస్థ లాంటివి అంత ముప్పు లేదన్నాయి, ఆ వాదన అలా ఉంచుదాం. నా అభ్యంతరం ఇంకోటి. అక్కడ బావి ఉంది, మామిడి చెట్లున్నాయి, రేపు వాళ్ళు ఆకుకూరలు వేసుకునే నేల అది. మొండి తుమ్మ మొదళ్ళకి, గోడలో రావి వేరుకి, లేబుల్ మీద రాసినట్టు గ్లవ్స్ వేసుకుని కోత మీద పూస్తానంటే నేను అడ్డం రాను. రావిని లాగి పీకితే ఇటుకలే ఊడొస్తాయి, దానికి ఇదే తేలిక. మొత్తం స్థలం మీద చల్లడం మాత్రం వద్దే వద్దు. ఉప్పు, వెనిగర్ చల్లమని వీడియోలు తిరుగుతున్నాయి, ఉప్పు అయితే ఆ నేలలో తర్వాత మీరు నాటేవి కూడా రావు, గోడ పక్కన చల్లితే ఆ ఉప్పు నేరుగా ఇటుకల్లోకే ఎక్కుతుంది.

ఇక తుంగ. రోటవేటర్ పెట్టి దున్నించారో ఇక అంతే సంగతులు. దాని గడ్డలు నేల కింద గొలుసుగా ఉంటాయి, దున్నితే గొలుసు తెగి ఒక్కో గడ్డా ఒక్కో మొక్కవుతుంది. పైన గడ్డి పీకితే గడ్డ అలాగే ఉంటుంది, మళ్ళీ మొలుస్తుంది. దాన్ని మొలవనిచ్చి, మొలిచిన మూడు వారాల్లోపే, కొత్త గడ్డ కట్టకముందే మళ్ళీ తవ్వి తీసెయ్యాలి, అలా అలుపు లేకుండా చేస్తే గడ్డలో దాచుకున్న బలం అయిపోతుంది. తుంగకి నీడ పడదు, అదొక్కటే దాని బలహీనత. అట్టపెట్టెల అట్టలు ఒకదాని మీద ఒకటి పరిచి తడిపి, పైన మందంగా ఆకులు కప్పి, పక్కనే జనుమో అలసందో చల్లి నేలంతా పచ్చగా మూసేయండి. ఎండ బాగా కాసే నెలల్లో తడి నేల మీద పారదర్శకమైన పాలిథీన్ షీటు పరిచి, అంచులు మట్టితో మూసి, నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేసే పద్ధతి కూడా ఉంది, 1976లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు పరీక్షించి చూపించారు. వయ్యారిభామ గింజలకీ, నేలలో తెగుళ్ళకీ బాగా పనిచేస్తుంది, తుంగకి మాత్రం సగం సగమే. షీటు నల్లది కాకూడదు, వేడి లోపలికి దిగాలంటే అద్దంలా ఎండ దూరేదే కావాలి.

స్థలమంతా ఒకేసారి శుభ్రం చేయొద్దని అందుకే అంటున్నా. ఖాళీ చేసిన నేలని మీరు కప్పకపోతే కలుపు కప్పుతుంది. ఈ ఏడాది ఎంత మేర కాపాడుకోగలరో అంతే తీయండి, ముందు ఇంటిచుట్టూ, తర్వాత బావిదాకా, తర్వాత మామిడి చెట్లదాకా. మిగతాది పూత రాకుండా తలలు నరుకుతూ ఉంటే చాలు.

ఆకుకూరల మాట వచ్చింది కాబట్టి ఒకటి. పాత కిటికీలు తలుపులకి వేసిన రంగుల్లో సీసం ఉంటుంది, అది ఏళ్ళుగా రాలి గోడ పక్క మట్టిలోనే చేరుతుంది. గోడని ఆనుకుని పూలమొక్కలు పెట్టుకోండి, తినేవి దూరంగా వేయండి, కుదిరితే మట్టి పరీక్ష చేయించండి. ఆ రంగుని పొడిగా గరుకు కాగితంతో రుద్దొద్దు, తడిపి గీకండి, చిన్నపిల్లల్ని ఆ చుట్టుపక్కలకి రానివ్వకండి.


పొలం_గట్టు:

అక్కా, చల్లమని నేనూ అనలేదు, కోత మీద పూయమన్నా. సరే అక్కడ కలిశాం.

మామిడి సంగతి నాకు వదిలేయండి. కొట్టేయొద్దు. ఎండిన కొమ్మలు, తెగులు పట్టినవి, ఒకదాన్నొకటి రాసుకునేవి ముందు తీయండి, అంతవరకు ఎంత తీసినా నష్టం లేదు. పచ్చికొమ్మ మాత్రం ఏడాదికి పావు వంతు మించకండి, ఒకేసారి గుండు కొట్టిస్తే చెట్టు బెదిరి నిటారుగా నీటి కొమ్మలు తోస్తుంది, వాటికి కాపు ఉండదు, పైగా ఇన్నాళ్ళూ నీడలో ఉన్న బెరడు ఎండకి పగులుతుంది. పెద్ద కొమ్మ కోసేటప్పుడు ముందు కిందినుంచి కొద్దిగా గాటు పెట్టి, దానికి అవతల పైనుంచి కోసి బరువు దించేసి, అప్పుడు మిగిలిన మోడు తీయాలి, లేకపోతే విరిగి కిందిదాకా బెరడు చీల్చుకుపోతుంది. మోడు తీసేటప్పుడు మానుకి కలిసే చోట ఉబ్బెత్తుగా కంకణంలా ఉంటుంది చూడండి, దాన్ని కోయకండి, గాయం మానేది దానివల్లే. కోతకి పెయింటు పూయడం అలవాటు కొందరికి, అక్కర్లేదని అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల మాన్లు నిలువునా చీల్చి చూసి మరీ చెప్పాడు. తెగులు భయం ఉంటే బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూసుకోండి, అది వేరే సంగతి.

ఇంకోటి, గోడ పక్కన తవ్విన మట్టి తీసుకెళ్ళి చెట్టు మొదట్లో పోస్తారేమో, పోయకండి. వేళ్ళు ఎక్కువ భాగం పైపైనే ఉంటాయి, గాలాడక చస్తాయి. జేసీబీ అవసరమై పిలిచినా కొమ్మల నీడ పడేంత మేర లోపలికి రానివ్వకండి, నేల గట్టిపడిపోతుంది.


తాపీ_పని:

అన్నా ఆ కాలవ దొరికిందని చదివి నాకు భలే సంతోషమైంది. కట్టినాయన నీళ్ళు ఎటు పోవాలో ముందే ఆలోచించి పెట్టాడు, మట్టి మూసేసింది అంతే. కొత్త డ్రైనేజీ గీడ్రైనేజీ ఏమీ వద్దు, దాన్నే చివరిదాకా తవ్వి తీసి, పగిలిన చోట సున్నంతోనే అతుకు వేయించు, వాలు సరిగ్గా ఉందో లేదో ఒక బిందె నీళ్ళు పోసి చూడు. ఎక్కడ నిలబడ్డాయో అక్కడే రిపేరు.

పగులు సంగతి. రెండు చివర్లా పెన్సిల్‌తో అడ్డగీత గీసి పక్కన తేదీ రాయి, మధ్యలో వెడల్పు కొలిచి అదీ రాసిపెట్టు. వానాకాలం, ఎండాకాలం రెండూ దాటేదాకా అప్పుడప్పుడు చూడు. గీత దాటి ముందుకి పాకకపోతే పాత గాయం, సున్నం నింపి వదిలెయ్యొచ్చు. వానకి మూసుకుని ఎండకి తెరుచుకుంటుంటే కింద నేల ఉబ్బి కుంగే రకం, నల్లరేగడి అయితే మరీను, అప్పుడు చూరు నీళ్ళు దారికి వచ్చాక సగం సర్దుకుంటుంది. పెరుగుతూనే ఉన్నా, అయిదు మిల్లీమీటర్లు దాటినా, తలుపు రెక్కలు పట్టేస్తున్నా స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలువు, నాలాంటి వాళ్ళ మాట మీద ఉండొద్దు. ఆ గోడకి దగ్గర్లో పెద్ద చెట్టు ఉంటే కంగారుపడి కొట్టెయ్యకు, రేగడి నేలలో చెట్టు తాగే నీళ్ళు ఒక్కసారి ఆగిపోతే నేల ఉబ్బి గోడని ఎత్తుతుంది, అదింకో తలనొప్పి.

లోపలి సిమెంటు పట్టీ ఉలీ సుత్తీతో మెల్లగా తీయించు, మెషిన్ పెడితే పాత ఇటుక మొహం కూడా ఊడొస్తుంది. తీశాక వెంటనే ప్లాస్టరింగ్ అంటే ఒప్పుకోవద్దు. గోడ అంగుళం మందానికి నెల చొప్పున ఆరుతుందని మా వాళ్ళ లెక్క, నీది ఒకటిన్నర అడుగు గోడ, రెండు వైపులా గాలి తగిలినా నెలలు పడుతుంది. ఆ నెలల్లోనే పెరటిమొక్క గారు చెప్పిన తోట పని పెట్టుకో, ఏదీ ఖాళీగా ఆగదు. పూసిన ఉప్పుని పొడి బ్రష్షుతో దులిపి చేటలోకి ఎత్తి బయట పారెయ్, నీళ్ళతో కడిగితే మళ్ళీ గోడలోకే పోతుంది.

ఆ తర్వాత సున్నం గార, పల్చటి పొరలుగా, ఒక పొర బిగిశాకే రెండోది, ఎండ తగలకుండా తడి గోనెలు కట్టి ఉంచాలి, తొందరగా ఆరితే పొడిపొడి అయిపోతుంది. సున్నం గాల్లోని బొగ్గుపులుసు వాయువు పీల్చుకుని మళ్ళీ రాయిగా మారుతుంది, దానికి టైమివ్వాలి. పైన సున్నమే కొట్టు, ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే పడ్డ కష్టమంతా వృథా. సున్నం కళ్ళల్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది, కలిపేవాళ్ళకి కళ్ళద్దాలు ఇవ్వు, పక్కనే శుభ్రమైన నీళ్ళు పెట్టు.

మేస్త్రిని ఎలా ఎంచుకోవాలి అంటావేమో. సున్నం పని చేశావా అని అడిగితే ప్రతివాడూ చేశాననే అంటాడు. ముద్ద ఎన్నాళ్ళు నానబెడతావు, ఇసక ఎలాంటిది తీసుకుంటావు అని అడుగు. అందులో కాస్త సిమెంటు కలిపితే గట్టిగా ఉంటుంది సార్ అన్నాడంటే ఇంకొకరిని వెతుక్కో.


పెంకుటిల్లు:

చాలా క్లియర్ అయింది అన్నా. కాంట్రాక్టర్‌కి టైల్స్ వద్దని చెప్పేశాం, మొహం మాడ్చుకున్నాడు గానీ పెంకులు సర్దే పనికి ఒప్పుకున్నాడు. తమ్ముడికి ఈ మొత్తం చదివి వినిపించా, కలుపుమందు మాట వెనక్కి తీసుకున్నాడు, రావి మొక్కకీ తుమ్మ మొదళ్ళకీ మాత్రం పూద్దామంటున్నాడు, దానికి నేనూ సరే అన్నా. ఇద్దరి వాటాలూ, ఎవరు ఎంత పెడుతున్నామో, అమ్మ ఉన్నంతకాలం ఇల్లు ఎవరూ అమ్మకూడదనీ ఒక కాగితం మీద రాసుకున్నాం, ఇది ఎవరూ చెప్పలేదు, అమ్మే రాయించింది.

ముందు పెంకులు, తర్వాత ఆ కాలవ, అంతవరకే ఈ విడత. కాలవ మూల తిరిగాక ఒక వేరు అడ్డంగా దూరి ఉంది, మామిడిదో తుమ్మదో తెలియట్లేదు, చేతి మణికట్టంత లావు. కోయొచ్చా?


పొలం_గట్టు:

కోయకముందు ఆ వేరు ఎటునుంచి వస్తోందో మట్టి లాగుతూ చూడండి. మామిడిదైతే కోయకండి, ఆ రెండడుగులు కాలవనే పక్కకి తిప్పించండి. తుమ్మదైతే మొహమాటం అక్కర్లేదు.